ఎండకు పెట్టిన ఇంజిన్

మా తమ్ముడికి కోపం వస్తే అరవడు. గిన్నెలు విసరడు, తలుపు దడాలున వెయ్యడు. మాట్లాడటం మానేస్తాడు. ఎవరి మీద కోపం వచ్చిందో ఆ మనిషి ఇంట్లో లేనట్టే తిరుగుతాడు. మిగతా వాళ్లతో మాత్రం మామూలుకన్నా కాస్త ఎక్కువ నవ్వుతూ కబుర్లు చెబుతాడు. ఈ విద్య చిన్నప్పుడు మా అమ్మ మీద నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్య మీద, అంటే మా మరదలి మీద సానపెట్టాడు.

మాది మెట్టుగూడలో పాత క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఇంటి పెద్ద కళ్లు మూసుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవుడికి అప్పగిస్తాడు. నాన్న పోయాక ఆ పని తమ్ముడికి వచ్చింది. చుట్టాలు, ఇరుగుపొరుగు, చర్చిలో మంచాన పడ్డవాళ్లు, అందరి పేర్లూ వరసగా వస్తాయి. తనకు కోపం ఉన్న మనిషి పేరు మాత్రం రాదు. ఆ మనిషి చేతులు జోడించి, కళ్లు మూసుకుని, తన పేరు ఇప్పుడొస్తుందా అని వింటూ కూర్చోవాలి. చివర్లో అందరితోపాటు ఆమెన్ అనాలి. తిట్టినా ఇంత బాగా తగలదు.

నేను వాడికి అక్కను. రిటైరయ్యేదాకా ఒక కంపెనీలో పాడైన సర్క్యూట్ బోర్డులు బాగుచేశాను. ఇప్పుడు సైనిక్‌పురిలో ఓ చిన్న పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటాను. నా నోటికి జడిసి చుట్టాలు శుభలేఖలు కూడా ఫోన్‌లోనే పంపి ఊరుకుంటారు. తమ్ముడు రైలింజిన్ డ్రైవర్‌గా చేసి దిగిపోయాడు. "డ్రైవర్ కాదక్కా, లోకో పైలట్" అని ఇప్పటికీ నన్ను దిద్దుతాడు. నేను ఇప్పటికీ డ్రైవర్ అనే అంటాను.

రిటైరయ్యాక వాడికి బొమ్మ రైళ్ల పిచ్చి పట్టింది. బొమ్మ అంటే మళ్లీ మూతి ముడుస్తాడు, మోడల్ అనాలి. మేడమీది గదంతా ఒకటే బల్ల. దాని మీద పట్టాలు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారం మీద గోరంత మనుషులు. ఇదే పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఒక గుంపు ఉన్నారు. అప్పుడప్పుడూ ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చేరి రైళ్లు నడుపుకుంటారు. బ్యాంకుల్లో, కాలేజీల్లో చేసి వచ్చిన పెద్దమనుషులు వాళ్లంతా. నిజం రైలు నడిపినవాడు అందులో మా తమ్ముడొక్కడే. అందుకని వాణ్ని ఉస్తాద్ అంటారు. ఆ మాట కోసం వాడు అన్నం కూడా మానేస్తాడు.

వాడికి అన్నిట్లోకీ ముద్దు ఒక ఎర్ర ఇంజిన్. తాను చివరిదాకా నడిపిన రకం అది. పైన డొప్ప త్రీడీ ప్రింటర్‌లో అచ్చుతీసిన ప్లాస్టిక్, కింద ఇనుప చట్రం, చట్రంలో మోటారు. మోటారు మీద బొటనవేలి గోరంత బోర్డు. పట్టాల్లోంచి వచ్చే కరెంటును అందుకుని ఎంత వేగంగా పోవాలో, లైటు ఎప్పుడు వెలగాలో, హారన్ ఎప్పుడు కొట్టాలో ఇంజిన్‌కు చెప్పేది ఆ బోర్డే. అది పోతే మిగతాదంతా నిజంగానే బొమ్మ.

పోయిన ఎండాకాలం ఆ ఇంజిన్ కదలడం మానేసింది. వచ్చే మీటింగు వాడింట్లోనే. అందరూ దానికి పెట్టిన కొత్త హారన్ వినడానికి వస్తున్నారు. ఏమైందని మరదలు అడిగితే, "కూలర్ తేమ పట్టింది. పొద్దంత కూలర్ ఏస్తే గిట్లనే అయితది" అన్నాడట. కూలర్ వేసేది వాడి కోసమే. అయినా ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది.

మా మరదలికి తేమ అంటే ఒకటే మందు తెలుసు, ఎండ. చింతపండుకు ఎండ, పరుపులకు ఎండ, వానకు తడిసిన పాటల పుస్తకానికీ ఎండ. వాడు బజారుకెళ్లిన వేళ ఇంజిన్‌ను తెచ్చి డాబా మీద సగ్గుబియ్యం వడియాల పక్కన పాత చీర మీద పెట్టింది. కాకి ఎత్తుకుపోతుందని భయపడి పైన స్టీలు బేసిన్ బోర్లించింది. కోతులొస్తాయని బేసిన్ మీద రాయి కూడా పెట్టింది. మే నెల ఎండలో బోర్లించిన స్టీలు బేసిన్ కింద ఏమవుతుందో ఆమెకు తట్టలేదు. సాయంత్రం తీసేసరికి ఇంజిన్ కప్పు మధ్యలో కుంగింది, ముక్కు పక్కకు జారింది.

వాడు వచ్చి చూశాడు. ఇంజిన్‌ను తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, కిందికొచ్చి చేతులు కడుక్కుని, టీవీ పెట్టుకున్నాడు. ఆ పూట నుంచి మరదలు ఆ ఇంట్లో లేదు.

ఇద్దరే ఉండే ఇల్లు అది. మూడో మనిషి లేకపోయేసరికి వాడు నన్ను వాడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, పప్పుల ఉప్పు తక్కువైంది. ఆమెకు జెర చెప్పు" అన్నాడు.

"ఆమె ఏడుంది?"

"నా ముంగటనే ఉంది."

నా ఒళ్లు మండిపోయింది. "నేను నీ పోస్ట్‌మ్యాన్‌నారా? చప్పిడిదే తిను, బీపీకి మంచిది" అని పెట్టేశాను.

ఆ ఆదివారం ఎప్పటిలాగే ఆరాధన అయ్యాక వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. చేపల పులుసు వండింది మరదలు. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ముందు నా పేరు. తరవాత పాస్టరుగారు, పాస్టరుగారి మోకాళ్లు. తరవాత గుంటూరు చుట్టాలు, కూలర్ మెకానిక్, పాలు పోసే ఆయన. పక్కింటి వాళ్ల కుక్క కాలు విరిగితే దానికి కూడా స్వస్థత అడిగాడు. నాకు ప్రార్థనలో కళ్లు మూసుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు. మరదలి వంకే చూస్తున్నాను. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా ఆమె మెడ కొంచెం ముందుకు వంగుతోంది. కుక్క పేరు వచ్చాక వంగడం ఆగింది. ఆమెన్ మాత్రం మా ఇద్దరికన్నా గట్టిగా అంది.

"పులుసు ఏయాల్నా?" అని వాణ్ని అడిగింది. వాడు నా వైపు తిరిగి, "పులుసు మస్తుగుందక్కా. ఎవరు చేసిండ్రో మరి" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె గరిట పట్టుకుని అలాగే నిలబడింది. నాకు ఆ పులుసు గిన్నె వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది, చేప వృథా అవుతుందని ఆగాను.

మర్నాడు మరదలు ఆటో ఎక్కి సైనిక్‌పురి వచ్చింది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. డబ్బాలో తువ్వాలు, తువ్వాలులో ఇంజిన్. వాడు నిద్రపోతుండగా తెచ్చిందట.

"వదినా, జెర మీరే దీన్ని బతికియ్యాలె. మీటింగు లోపల ఇది నడిస్తే మీ తమ్ముని కోపం దిగుతది."

"దిగకపోతే?"

"పోయినసారి క్రిస్మస్ పండుగ సుత గట్లనే పోయింది వదినా. కేకు ముక్క పక్కింటోళ్లతోని పంపించిండు నాకు." ఆమె ఏడుపు మొదలుపెట్టింది. "తిట్టినా మంచిదే. కొట్టినా ఓర్సుకుంట. ప్రార్థనల నా పేరు ఇననీకి పానం కొట్టుకుంటున్నది. ఇంట్ల నేను సచ్చిపోయిన్నా, బతికున్ననా నాకే తెలుస్తలేదు."

"ముందు ఆ డబ్బా పక్కకు పెట్టి ఏడువు. కండ్ల నీళ్లు పడితే ఉన్నది సుత పోతది" అన్నాను. నాకు ఓదార్చడం రాదు. ఆమెకూ అది తెలుసు, ముక్కు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

డొప్ప విప్పాను. గుప్పుమని వాసన వచ్చింది. ఎండకు మెత్తబడ్డ ప్లాస్టిక్ వాసన కాదు. బోర్డు కాలిన వాసన నాకు మా ఇంటి చారు వాసనకన్నా బాగా తెలుసు. భూతద్దం పెట్టి చూశాను. బోర్డుకు చుట్టిన పల్చటి తొడుగు ఒక్కచోటే నల్లగా చిల్లుపడింది. దాని కింద చిప్ నడుమ నువ్వుగింజంత గుంట. మిగతా బోర్డంతా శుభ్రంగా ఉంది, సోల్డరింగ్ చుక్కలు ఎక్కడివక్కడ మెరుస్తున్నాయి. మన ఎండ ఎంత పాడుదైనా ప్లాస్టిక్ కప్పును వంచుతుంది గాని చిప్‌కు గుంట పెట్టదు. దానికి కరెంటు కావాలి, కలవకూడని చోట కలిసిన తీగ కావాలి.

ఆ తీగ కూడా దొరికింది. మోటారు వైరు చివర పైతొడుగు అవసరానికి మించి ఒలిచేసి అతికించారు. ఒలిచిన రాగి పోగు ఇనుప చట్రానికి తగులుతోంది. చట్రంలో పట్టాల కరెంటు పారుతుంటుంది. ఆ రెండూ తగిలితే ఏ బోర్డూ బతకదు. పైగా ఆ అతుకు కంపెనీ అతుకు కాదు, బఠానీ గింజంత ముద్ద. దాని పక్కనే కొత్త హారన్ స్పీకరు ఉంది. స్పీకరు పెట్టడానికి వైర్లు విప్పి మళ్లీ అతికించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వాడు తప్ప ఆ ఇంజిన్ డొప్ప ఎవరూ విప్పరు.

ఇంకా డొప్ప లోపలి వైపు చూశాను. కప్పుకు మసి. ఆ మసిని ఎవరో దూదితో తుడిచారు. తుడిచినప్పుడు ఊడిన దూది పోగులు కుంగిన ప్లాస్టిక్‌లో కూరుకుపోయి ఉన్నాయి, గోటితో గీకినా రావడం లేదు. ప్లాస్టిక్ మెత్తబడక ముందే దూది అక్కడుంది. అంటే కాలింది ముందు, తుడిచింది ముందు, వడియాల పక్కన ఎండ తరవాత.

నాకు అంతా అర్థమైంది. ఉస్తాద్ తన చేత్తో తన ఇంజిన్‌ను కాల్చుకున్నాడు. మసి తుడిచి డొప్ప మూసి, కూలర్ తేమ అని చెప్పాడు. ఈ పిచ్చిది ఆ మాట నమ్మి డాబా ఎక్కింది. కప్పు కుంగేసరికి వాడికి అడక్కుండానే అన్నీ అమరాయి. ఇప్పుడు బోర్డు ఎందుకు కాలిందని ఎవరడిగినా వేలు ఆమె వైపు చూపిస్తే చాలు. అలా చూపించి ఊరుకోక, చెయ్యని తప్పుకు ఆమె పేరును దేవుడి దగ్గర కూడా కొట్టేశాడు.

మరదలికి అద్దం ఇచ్చి అన్నీ చూపించాను. చిప్, వైరు, దూది. ఓపికగానే చెప్పాను, నా మట్టుకు. ఆమె చాలాసేపు అద్దంలోంచి చూసింది.

"ఆయనకు తేమనే అనిపించిందేమో" అంది చివరికి.

"మసి ఎందుకు తుడిచిండు మరి?"

"సాఫ్‌గా ఉండాలని కావచ్చు. ఆయనకు గలీజుంటే నచ్చదు గద."

"ఏందీ, నీకు బుర్ర ఉందా లేదా? తప్పు వానిది. నీది కాదు. గదే చెప్తున్న నేను."

"తెల్సు వదినా." గొంతు తగ్గించింది, ఆ గదిలో మేమిద్దరమే ఉన్నా. "మీరు ఈ ముచ్చట ఆడ తీయకుండ్రి. మీ కాళ్లు మొక్కుత. బండి నడిస్తే చాలు నాకు."

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. అది అవునని ఆమె అనుకుంది.

కొత్త బోర్డు కొరియర్‌లో తెప్పించాను. కాలినదాన్ని ఊడదీశాను. వైరు చివర కత్తిరించి, సన్నటి తొడుగు వేసి, చట్రానికి దూరంగా అతికించాను. హారన్ స్పీకరును కూడా మళ్లీ కుదురుగా కట్టాను. డొప్పను హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దికొద్దిగా వెచ్చచేస్తూ చెక్కముక్క మీద ఒత్తి పెట్టాను. కప్పు లేచింది, ముక్కు దాని చోటికి వచ్చింది. ఒక పక్క చిన్న సొట్ట మిగిలితే అలాగే వదిలేశాను. ఆ వయసుకు ఎవరికి మాత్రం సొట్ట ఉండదు. కాలిన బోర్డును పారెయ్యలేదు. కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాను.

మీటింగు ఆదివారం ఇంజిన్‌ను నేనే తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు. లోపల నేనేం చూసి ఉంటానో వాడికి తెలుసు. నా కళ్లలోకి ఒక్కసారి చూసి, "థాంక్సక్కా, ఎండకు మొత్తం ఖరాబైంది గద" అన్నాడు. నేను చూశానని తెలిసీ అన్నాడు ఆ మాట. అక్క గనక కడుపులో పెట్టుకుంటుందని వాడి ధీమా.

మేడమీది గది నిండింది. ఇంజిన్‌ను పట్టాల మీద పెట్టి మీట తిప్పాడు. లైటు వెలిగింది. ప్లాట్‌ఫారం వదిలి, మలుపు తిరిగి, సొరంగంలోకి పోయేముందు హారన్ కొట్టింది. అచ్చం మెట్టుగూడలో మేం ఏళ్ల తరబడి విన్న కూతే. అందరూ చప్పట్లు కొట్టారు. "వాహ్ ఉస్తాద్!" అన్నారు. వాడి మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది. అక్కడితో ఆగి ఉంటే నేనూ ఆగేదాన్ని.

మరదలు సమోసాల పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఒకాయన కప్పు మీది సొట్ట చూసి ఏమైందని అడిగాడు. తమ్ముడు నవ్వుతూ అందుకున్నాడు.

"మా ఇంట్ల ఇంజిన్‌తోని ఒడియాలు పెడతరు సార్! డాబా మీద ఎండేసి, పైకెళ్లి బేసిన్ బోర్లేసిండ్రు. బోర్డు సుత ఏగిపోయింది. ఇంక జెరసేపు ఉంటే నూనెల గోలిచ్చి మీకు పెడుతుండె."

గది గొల్లుమంది. ఒకాయన నవ్వలేక కళ్లు తుడుచుకున్నాడు. మరదలు కూడా నవ్వింది. వాడు ఆమె గురించి ఏదో ఒకటి మాట్లాడాడు కదా, ఆ సంబరం ఆ నవ్వులో కనిపించింది. నాకు అది భరించడం కష్టమైంది. వాడు చేసిన దానికన్నా ఆమె నవ్వే నన్ను లేపింది.

కళ్లజోడు పెట్టె తెరిచి, కాలిన బోర్డును వాడి ప్లాట్‌ఫారం మీద, ఆ గోరంత మనుషుల నడుమ పెట్టాను.

"ఒడియాలు ఎండల పెడితే ఎండుతయ్ తమ్ముడూ, కాలవు. వైరు ఫ్రేముకు తగిలిచ్చి గీ బోర్డు కాల్చింది నువ్వు. మసి దూదితోని తుడిచింది నువ్వు. కూలర్ తేమ అని చెప్పింది సుత నువ్వే. నీ మాట నమ్మింది గద, గదొక్కటే ఆమె తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. కళ్లు తుడుచుకున్న ఆయనే బోర్డును చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. పక్కాయనకు అందించాడు. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. "షార్టే అయింది సార్" అన్నాడు చివరాయన, మర్యాదగా. ఉస్తాద్ పోయి సార్ మిగిలింది.

తమ్ముడు మీట మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. తల ఎత్తి నా వెనకున్న గోడను చూశాడు, నాలోంచి. ఆ చూపు నాకు తెలుసు, నేనిక ఆ గదిలో లేను. పోతే పోయింది అనుకుని మరదలి వైపు తిరిగాను. ఆమె మొహంలో కాస్త వెలుతురు ఉంటుందనుకున్నాను. ఆమె పళ్లెం గట్టిగా పట్టుకుని, ఇల్లు అంటించినదాన్ని చూసినట్టు నన్ను చూస్తోంది.

మళ్లీ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. కోపం వాడిది, భోజనం నేనెందుకు మానాలి అనుకున్నాను. కోడివేపుడు డబ్బా కూడా పట్టుకెళ్లాను, వాడికిష్టమని. గేటుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. మేడమీది నుంచి హారన్ వినిపిస్తోంది, ఒకటికి రెండుసార్లు.

మరదలు వచ్చింది. మంచి చీర కట్టుకుంది. మొహం కళకళలాడుతోంది. గడియ తియ్యకుండానే ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, మాట్లాడిండు!"

"ఏమన్నడు?"

"ఆనాడు అందరు పోయినంక గ్లాసులు తీస్తున్న. నన్ను పేరు పెట్టి పిలిచిండు వదినా. మీ మీద ఒట్టు, నా చేతులున్న గ్లాసు జారింది."

"పిలిచి ఏమన్నడే?"

"‘అక్కను ఇంక ఇంట్లకు రానియ్యకు’ అన్నడు."

శుభవార్త చెప్పినట్టే చెప్పింది. ఆమె కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, సంతోషానివి. నేను లోపలికి పోవడానికి వచ్చానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందేమో, చెయ్యి వదిలేసి గడియ మీద వేసింది.

"ప్రార్థనల సుత నా పేరు తీసిండు. అందరికన్నా ముందల."

"నా పేరో?"

ఆమె గడియను చూస్తూ చెప్పింది. "పేరు తీయలే వదినా. ‘మా ఇంటిని నవ్వులపాలు చేసిన శత్రువును క్షమించు ప్రభువా’ అన్నడు. గంతే. ఇంకేం అనలే."

"నువ్వేమన్నవ్?"

"ఆమెన్ అన్న" అని, కోడివేపుడు డబ్బా కోసం ఊచల్లోంచి చెయ్యి చాపింది.